శిశువుకు గురుస్థానమిచ్చిన వైద్యురాలు: మేరియా మాంటిస్సోరీ

మన ఆంధ్రదేశంలో నగరాలలోనే గాక చిన్న పట్టణాలలో సైతం మాంటిస్సోరీ అన్న పేరు పాఠశాలల బోర్డులపై తరచుగా కనబడుతుంది. ఆ పేరు ఒక వ్యక్తిదని, ఆ వ్యక్తి ఒక స్త్రీ అని, ఆమె చదివినది వైద్యశాస్త్రమని, వార్ధక్యంలో చాలా సంవత్సరాలు మన దేశంలోనే గడిపిందని ఎరిగినవారు తక్కువ. ఆమె తొలి పాఠశాల ధనికుల బిడ్డల కొరకు గాక కూలివారి బిడ్డల కొరకు వెలసిందని ఎరిగినవారు మరీ తక్కువ. ఉపాధ్యాయవృత్తి చేపట్టగోరే మన విద్యార్థినీ విద్యార్థులు ఆ జీవితగాథను తెలుసుకొనడం ఎంతో అవసరం.

మేరియా మాంటిస్సోరీ 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డె పుస్తకపఠనంలో ఆసక్తి గల ఇల్లాలు. తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం రోము నగరానికి చేరింది. నాటి ఇటలీలో చదువుకొన్న ఆడపిల్లకు మిగిలిన గౌరవప్రదమైన వృత్తి ఉపాధ్యాయవృత్తి ఒక్కటే. తండ్రి కోరికా అదే. మేరియా మాత్రం అందుకు ససేమిరా అన్నది. మొదట ఇంజనీరు కావాలని సాంకేతిక పాఠశాలలో చేరి, ఆపై వైద్యవిద్య వైపు మరలింది. ఉపాధ్యాయిని కానని పట్టుబట్టిన ఆ బాలికే కాలాంతరంలో ఉపాధ్యాయలోకానికి ఆచార్యురాలు కావడం విధివిలాసం.

రోము విశ్వవిద్యాలయంలో ఆమె ఎదుర్కొన్న కష్టాలు అన్నీ ఇన్నీ కావు. పురుషుల సరసన నిలిచి మృతదేహాన్ని పరీక్షించడం స్త్రీకి తగదని నాటివారి భావన. అందువల్ల సహాధ్యాయులు వెళ్ళిపోయిన తరువాత, సాయంసమయాలలో ఒంటరిగా శవపరీక్షాభ్యాసం చేయవలసి వచ్చింది. ఆమె వెనుదీయలేదు. 1896లో వైద్యపట్టం పొంది, ఆ దేశంలో ఆ గౌరవం అందుకొన్న తొలితరం స్త్రీలలో ఒకతె అయింది. అదే ఏట బెర్లిన్ నగరంలో జరిగిన మహిళాసభలో పాల్గొని, సమానమైన పనికి స్త్రీకి సమానమైన వేతనం కావాలని వాదించింది.

వైద్యురాలిగా పిచ్చాసుపత్రులను దర్శించినపుడు, మందబుద్ధులని ముద్రపడిన పసివారిని పెద్దలతోపాటు అక్కడ బంధించి ఉంచడం ఆమె చూచింది. వారి చేతులకు ఆడుకొనడానికి ఒక్క వస్తువైనా లేదు. వారికి కావలసినది మందు కాదు, విద్య అని ఆమెకు తోచింది. ఫ్రెంచి వైద్యులు ఇటార్, సెగ్యూన్‌ల గ్రంథాలను శ్రద్ధగా పఠించింది. 1900లో అట్టి పిల్లల కొరకు రోములో ఏర్పడిన పాఠశాలకు సహసంచాలకురాలయింది. ఆమె శిక్షణలో ఆ పిల్లలు చదవను, వ్రాయను నేర్చారు. లోకమంతా వారి ప్రగతికి ఆశ్చర్యపడుతూ ఉంటే, ఆమె ఆలోచన వేరొక దారిన సాగింది. ఈ పిల్లలే ఇంతగా నేర్వగలిగినపుడు, ఆరోగ్యవంతులైన పిల్లలు మామూలు బడులలో ఇంత వెనుకబడి ఉండడానికి కారణమేమిటి? ఆమె శేషజీవితమంతా ఈ ప్రశ్నకు సమాధానమే.

ఈ ఘట్టంలోనే ఆమె జీవితంలోని అతిపెద్ద వేదన ఇమిడి ఉన్నది. 1898లో ఆమెకు మారియో అనే కుమారుడు కలిగాడు. సహవైద్యుడైన మాంటెసానోతో వివాహం జరగలేదు. నాటి సంఘం అట్టి తల్లిని క్షమించేది కాదు. బిడ్డ పల్లెలో పరుల ఇంట పెరిగాడు. పరాయి బిడ్డల మనస్సులను చదివిన ఆ తల్లి, సొంత బిడ్డను అప్పుడప్పుడు వెళ్ళి చూచి రావడంతో తృప్తి పడవలసి వచ్చింది. ఆమె తల్లి 1912లో మరణించిన పిమ్మటనే మారియో ఆమె చెంతకు చేరాడు. అప్పటినుండి ఆమె కడసారి శ్వాస వరకు కుడిభుజమై నిలిచాడు.

1907 జనవరి 6న రోములోని శాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె కీర్తికి పునాది పడింది. అక్కడి ఇళ్ళను బాగుచేయించి అద్దెకిచ్చిన సంస్థకు ఒక చిక్కు వచ్చింది. తల్లిదండ్రులు కూలికి పోగానే పసివారు మెట్లపై, గోడలపై పడి పాడుచేస్తున్నారు. మరమ్మతుల ఖర్చుకన్న ఒక గదిలో పిల్లలను కనిపెట్టి ఉండే ఏర్పాటు చౌక అని యజమానులు భావించి, ఆ బాధ్యత మాంటిస్సోరీకి అప్పగించారు. సుమారు యాభైమంది పిల్లలు చేరారు. ఆ గదికి బాలల ఇల్లు అని అర్థమిచ్చే పేరు పెట్టారు.

ఆమె అక్కడ బోధించినదానికన్న గమనించినది ఎక్కువ. మూడేళ్ళ పాప ఒకతె కొయ్యదిమ్మెలోని గుండ్రని గుంటలలో తగిన కడ్డీలను అమర్చుతూ, చుట్టూ పాటలు పాడినా, తన కుర్చీని ఎత్తి బల్లపై పెట్టినా చెదరక, అదే పనిని నలభైసార్లకు పైగా చేసింది. పసివారికి నిలకడ లేదన్న పెద్దల నమ్మకం ఆనాటితో వమ్ము అయింది. బిడ్డకు తగిన పని దొరికితే ఏకాగ్రత దానంతటదే కుదురుతుందని, క్రమశిక్షణ బెత్తం వలన గాక పని వలన వస్తుందని ఆమె నిర్ధారించింది. కదలని బెంచీలకు బదులు పిల్లలు తామే మోయగల చిన్న కుర్చీలు, వారి చేతికందే అలమరలు, ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్ల వరకు పెరిగే పది గులాబిరంగు దిమ్మెలు, ఉప్పుకాగితంతో కత్తిరించిన అక్షరాలు ఆమె పాఠశాలకు అలంకారాలైనాయి. ఆ గరుకు అక్షరాలపై వ్రేలు నడిపిన నాలుగైదేళ్ళ పిల్లలు కొద్ది నెలలలోనే వ్రాయసాగారు.

ఈ మార్గం మనకు పూర్తిగా కొత్తది కాదు. అక్షరాభ్యాసం నాడు తెలుగింట పళ్ళెంలో పోసిన బియ్యంపై బిడ్డ వ్రేలు పట్టి ఓనమాలు దిద్దిస్తారు. ముస్లిముల ఇళ్ళలో నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజుల ప్రాయంలో బిస్మిల్లా వేడుక జరుపుతారు. చదువు ఒక పండుగగా మొదలు కావాలని ఇరువురి పెద్దలూ ఎరుగుదురు. మనం ఆ పండుగను ఒక్కనాటితో ముగించి, మరునాటి నుండి పలకా బలపంతో బిడ్డను కూర్చుండబెడుతున్నాం. మాంటిస్సోరీ ఆ పండుగను ప్రతిదినం కొనసాగించింది.

1909లో ఆమె తన పద్ధతిని వివరిస్తూ గ్రంథం ప్రకటించింది. 1915లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దపు గోడల తరగతి గదిని జనులు గుమిగూడి తిలకించారు. ఇటలీలో ముసోలినీ ప్రభుత్వం మొదట ఆమెను ఆదరించినా, ఆ ఆదరం నిలువలేదు. 1930ల నడుమ ఆమె స్వదేశాన్ని వీడవలసి వచ్చింది. స్పెయిన్‌లో 1936లో అంతర్యుద్ధం చెలరేగగా అక్కడి నుండి తరలి, తుదకు హాలెండును ఆశ్రయించింది.

1939లో దివ్యజ్ఞానసమాజ అధ్యక్షుడు జార్జ్ అరండేల్ ఆహ్వానంపై ఆమె మద్రాసు అడయారుకు వచ్చింది. మన గుంటూరు సీమ కూడా నాడు మద్రాసు రాజధానిలోనిదే. తొలి శిక్షణకు మూడువందల మందికి పైగా చేరారు. ఆమె ఇటాలియన్ భాషలో ప్రసంగిస్తే మారియో ఇంగ్లీషులోకి అనువదించేవాడు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగగానే బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధంలో ఉంచి, ఆమె సంచారంపై ఆంక్షలు విధించింది. ఆగస్టు 31న ఆమె డెబ్భయ్యవ జన్మదినాన వైస్రాయి ఆమెకు కానుకగా కుమారుని విడుదల చేశాడు. అంతవరకు లోకానికి బంధువుగా, పెంపుడు కొడుకుగా పరిచయమైనవాడు ఆనాడు కొడుకుగానే ఆమెకు అప్పగింపబడ్డాడు.

కొడైకెనాల్, అహమ్మదాబాదు, కాశ్మీరు, కరాచీ, కొలంబోలలో ఆమె కృషి సాగింది. వేయిమందికి పైగా ఉపాధ్యాయులు ఆమె వద్ద శిక్షణ పొందారు. 1946లో వెళ్ళి, 1947లో తిరిగివచ్చి, 1949లో ఈ ఉపఖండం నుండి తుది సెలవు తీసుకొన్నది. 1952 మే 6న హాలెండులో సముద్రతీరాన ఉన్న నూర్డ్‌విక్‌లో కన్నుమూసింది. ఆమె గతించిన మూడేళ్ళకు, 1955లో వి. కోటేశ్వరమ్మ విజయవాడలో మాంటిస్సోరీ పేర పాఠశాల స్థాపించి, ఆ పేరును కృష్ణాతీరాన స్థిరపరచింది.

మాంటిస్సోరీ పేరుపై ఎవరికీ ప్రత్యేక హక్కు లేదు. ఎవరైనా బోర్డుపై వ్రాసుకొనవచ్చు. పేరు మాత్రమే తీసుకొని, మూడేళ్ళ బిడ్డచేత ఎక్కాలు వల్లింపజేసి, పేదబిడ్డకు అందని రుసుము వసూలు చేస్తే అది శాన్ లొరెంజో గదికి ద్రోహమే అవుతుంది. మన చిలకలూరిపేట చుట్టుపట్ల తెల్లవారుజామున ప్రత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి, తొడిమలు తీయడానికి బయలుదేరే తల్లుల బిడ్డలు శాన్ లొరెంజో బిడ్డలవంటివారే. 1975లో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం వలన వారికి అంగన్‌వాడీలు వచ్చాయి. అక్కడ అన్నంతోపాటు చేతికి పని కూడా దొరకాలి. అందుకు విలువైన సామగ్రి అక్కరలేదు. గిద్ద, సోల, తవ్వ, మానిక వరుసగా పేర్చితే బిడ్డకు పరిమాణజ్ఞానం కలుగుతుంది. పెసలు, కందులు, బొబ్బర్లు కలిపి ఏరుమంటే వ్రేళ్ళకు నైపుణ్యం, కంటికి వివేచన అలవడుతాయి. మట్టిలో గాని ఇసుకలో గాని అక్షరం దిద్దవచ్చును, అది తెలుగు అకారమైనా ఉర్దూ అలిఫ్ అయినా.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఉపాధ్యాయులు కానున్నారు, మరెందరో తల్లిదండ్రులు కానున్నారు. బిడ్డ చేయగల పనిని ఆతురతతో మీరు చేసిపెట్టక, ఒక్క నిమిషం చేతులు కట్టుకొని చూడండి. ఆ నిమిషం ఓపికయే మేరియా మాంటిస్సోరీ మనకు విడిచిపోయిన విద్య.