మూసీ అవతలి డాక్టరు

ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలు బిగించడం నా ఉద్యోగం. జబ్బును కంటికి చూపించే పని అనగానే నాకు సర్ రోనాల్డ్ రాస్ గుర్తొస్తారు. 1857లో అల్మోరాలో పుట్టిన ఈ సైనిక వైద్యుడు మన పాతబస్తీకి మూసీ అవతల, బేగంపేటలో, మలేరియా రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకాటుకు అణా చొప్పున ఇచ్చి, ఆ దోమలను కోసి చూశారు. గాలికి అవి ఎగిరిపోతాయని ఉక్కపోతలోనూ పంకా వేయించుకోలేదు. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి. 1897 ఆగస్టు 20న ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమి జాడ కనిపించింది. 1902లో నోబెల్ వచ్చింది. 1932లో కన్నుమూశారు.

మిత్రులారా, పిల్లలను ఒకసారి బేగంపేటలోని ఆ భవనానికి తీసుకెళ్లండి. రాస్ పేరు గోడమీదే ఉంటుంది. హుస్సేన్ ఖాన్ పేరు మాత్రం మనమే చెప్పాలి.