టిగ్రాన్ పెట్రోసియన్

టిగ్రాన్ వర్తనోవిచ్ పెట్రోసియన్ (జూన్ 17, 1929 - ఆగష్టు 13, 1984) సోవియట్ యూనియన్‌కు చెందిన ఆర్మేనియన్ చదరంగ క్రీడాకారుడు. 1963 నుండి 1969 వరకు ప్రపంచ చదరంగ ఛాంపియన్‌గా ఉన్నాడు. ఆ బిరుదు పొందినవారిలో ఇతడు తొమ్మిదవవాడు. సోవియట్ ఛాంపియన్‌షిప్‌ను నాలుగు సార్లు (1959, 1961, 1969, 1975) గెలుచుకున్నాడు. ఓడించడానికి మిక్కిలి కష్టమైన ఆటగాడని పేరు పడి "ఇనుప టిగ్రాన్"గా ప్రసిద్ధి చెందాడు. ఏనుగును వదులుకొని తక్కువ విలువగల పావును తీసుకునే ఎక్స్‌ఛేంజ్ త్యాగమును రక్షణకు ఆయుధంగా మలచినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. ఆ త్యాగాలను కంప్యూటర్లు గుర్తించగలవా లేదా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా ఇతడి ఆటలు చర్చకు వస్తుంటాయి.

బాల్యము

పెట్రోసియన్ జార్జియా రాజధాని టిఫ్లిస్ (నేటి టిబిలిసి) నగరంలో ఆర్మేనియన్ దంపతులకు జన్మించాడు. తండ్రి వర్తన్ సైనికాధికారుల భవనంలో కాపలాదారు. టిగ్రాన్ ఎనిమిదేళ్ళ వయసులో చదరంగం నేర్చుకొన్నాడు. తరువాత టిఫ్లిస్‌లోని పయొనీర్ భవనంలో ఆర్చిల్ ఎబ్రలీడ్జె వద్ద శిక్షణ పొందాడు. ఎబ్రలీడ్జెకు నిమ్జోవిచ్, కాపాబ్లాంకాల ఆట అంటే ఇష్టం. శిష్యునికీ అదే అభిరుచి అబ్బింది. యుద్ధకాలంలో తిండికి కరువైన రోజులలో కూడా రేషన్‌కు ఉంచిన డబ్బుతో నిమ్జోవిచ్ పుస్తకమును కొనుక్కొన్నాడని చెబుతారు. ప్రత్యర్థి ఏమి చేయదలచాడో ముందుగా పసిగట్టి, దానిని మొలకలోనే ఆపివేయాలన్నది నిమ్జోవిచ్ బోధనలలో ముఖ్యమైనది. పెట్రోసియన్ ఆటకు పునాది అదే.

యుద్ధ సంవత్సరాలలో ఇతడు తల్లిదండ్రులను ఇద్దరినీ పోగొట్టుకున్నాడు. పొట్టపోసుకోవడానికి వీధులు ఊడ్చాడు. వినికిడి శక్తి దెబ్బతినడం కూడా ఈ కాలంలోనే మొదలయ్యింది. జీవితాంతం చెవికి వినికిడి యంత్రం వాడవలసి వచ్చింది. ఇతడి జాగ్రత్తతో కూడిన ఆటకు ఈ కష్టాలే కారణమని వ్రాసినవారున్నారు. కాని అదే కాలంలో అవే కష్టాలు పడిన ఇతర ఆటగాళ్ళు సాహసోపేతంగా ఆడిన సందర్భాలు కూడా ఉన్నాయి కనుక ఆ మాటను మరీ పట్టుకోనవసరం లేదు.

1946లో పెట్రోసియన్ ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌కు, 1949లో మాస్కోకు మకాం మార్చాడు. 1952లో స్టాక్‌హోం ఇంటర్‌జోనల్ టోర్నమెంటులో రాణించి గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. అదే సంవత్సరం రోనా అవినెజెర్‌ను వివాహం చేసుకున్నాడు.

ఎక్స్‌ఛేంజ్ త్యాగము

చదరంగంలో మూల గడులనుండి బయలుదేరి నిలువుగా, అడ్డంగా నడిచే పావు ఏనుగు. ఐమూలగా నడిచేది శకటు. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం బంటు విలువ 1 అయితే గుర్రానికి, శకటుకు తలా 3, ఏనుగుకు 5. కాబట్టి ఏనుగును ఇచ్చి శకటునో గుర్రాన్నో తీసుకొన్నవాడు దాదాపు రెండు బంట్లు నష్టపోయినట్లు. దీనినే ఎక్స్‌ఛేంజ్ త్యాగం అంటారు. వెంటనే రాజుకు కట్టు పడేటట్లయితే ఇందులో వింత లేదు, అది లెక్క మాత్రమే. లాభం కంటికి కనిపించకుండా, కేవలం ఒక మంచి గడి కోసమో, ప్రత్యర్థి బంట్లను కదలకుండా చేయడానికో ఇచ్చినప్పుడే అది పొజిషనల్ త్యాగమవుతుంది. పెట్రోసియన్ పేరు నిలిచింది ఈ రెండవ రకం వల్లనే.

వీటిలో అన్నిటికంటే ప్రసిద్ధమైనది 1953 జ్యూరిక్ కాండిడేట్స్ టోర్నమెంటులో శామ్యూల్ రెషెవ్‌స్కీతో ఆడిన ఆట. పెట్రోసియన్‌వి నల్ల పావులు. తెల్ల బంట్లు డి4, ఇ5 గడులలో పక్కపక్కన నిలిచి ముందుకు దూకడానికి సిద్ధంగా ఉన్నాయి. ఇ5 బంటు ఇ6కు వస్తే నల్లవారి కోట చీలిపోతుంది. నల్ల గుర్రం సి6లో ఉంది. అది డి5 గడికి చేరగలిగితే అక్కడినుండి దానిని కదిలించే తెల్ల బంటు లేదు. కాని అక్కడకు చేరాలంటే ఇ7 గుండా వెళ్ళాలి, ఆ గడిలో తన ఏనుగే అడ్డుగా ఉంది. ఏనుగును మామూలుగా తప్పిస్తే తెల్ల బంటు ఇ6కు వస్తుంది.

25వ ఎత్తులో పెట్రోసియన్ ఆ ఏనుగును ఇ6 గడిలోనే పెట్టాడు. తెల్ల శకటుకు అది నోటి ముందు పెట్టిన ముద్ద. ఒక్క ఎత్తుతో గుర్రానికి దారి దొరికింది, తెల్ల బంటుకు దారి మూసుకుపోయింది. రెషెవ్‌స్కీ వెంటనే తీసుకోలేదు. ముందు మంత్రి వైపు బంటును జరిపి, తరువాత ఏనుగును తీసుకొన్నాడు. నల్ల గుర్రం డి5లో, శకటు డి3లో స్థిరపడ్డాయి. తెల్లవారికి రెండు ఏనుగులున్నా అవి ప్రవేశించడానికి తెరచిన వరుస లేదు. తెరచిన వరుసలు లేని ఏనుగు శకటు కంటే ఎందులోనూ గొప్పది కాదు. చివరకు రెషెవ్‌స్కీ 30వ ఎత్తులో తన ఏనుగును ఆ డి3 శకటుకు ఇచ్చి బాకీ తీర్చవలసి వచ్చింది. ఆట 41 ఎత్తులలో డ్రా అయ్యింది. ఇంతగా కొనియాడబడిన ఎత్తు గెలుపును తేలేదని కొందరు పాఠకులకు ఆశ్చర్యం కలగవచ్చు. క్రమంగా ఓడిపోతున్న ఆటను నిలబెట్టింది అన్నదే దాని విలువ.

1958లో రీగాలో జరిగిన సోవియట్ ఛాంపియన్‌షిప్‌లో మిఖాయిల్ తాల్‌తో ఆడినప్పుడు కూడా ఇదే ఉపాయం కనిపిస్తుంది. చిక్కులో పడిన పెట్రోసియన్ ఏనుగును ఎఫ్4 గడిలో అప్పగించి, ఆ మార్పిడితో ఖాళీ అయిన ఇ5 గడిలో గుర్రాన్ని కూర్చోబెట్టాడు. దాడికి మారుపేరైన తాల్ దానిని ఛేదించలేకపోయాడు. ఆ ఆట కూడా డ్రా.

ప్రపంచ ఛాంపియన్

1962లో కురాసావ్ దీవిలో జరిగిన కాండిడేట్స్ టోర్నమెంటులో పెట్రోసియన్ 27 ఆటలలో ఒక్కటి కూడా ఓడిపోకుండా 17.5 పాయింట్లతో మొదటి స్థానం పొందాడు. కెరెస్, గెల్లెర్ అర పాయింటు వెనుకబడ్డారు. ఈ ముగ్గురూ తమలో తాము ఆడిన 12 ఆటలనూ డ్రా చేసుకొన్నారు. సోవియట్ ఆటగాళ్ళు కుమ్మక్కయ్యారని బాబీ ఫిషర్ ఆరోపించాడు. తరువాత ఫిడే ఈ టోర్నమెంటును రద్దు చేసి ఇద్దరిద్దరి మధ్య మ్యాచ్‌ల పద్ధతిని ప్రవేశపెట్టింది.

1963 మార్చి నుండి మే వరకు మాస్కోలో మిఖాయిల్ బొత్విన్నిక్‌తో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ జరిగింది. సుదీర్ఘమైన మ్యాచ్‌కు దేహదారుఢ్యం అవసరమని భావించిన పెట్రోసియన్ అంతకుముందు రోజూ గంటల తరబడి మంచుమీద స్కీయింగ్ చేశాడు. మొదటి ఆట ఓడిపోయినా 5 గెలుపులు, 2 ఓటములు, 15 డ్రాలతో 12.5 - 9.5 తేడాతో విజయం సాధించాడు.

1966లో బోరిస్ స్పాస్కీపై 12.5 - 11.5తో బిరుదును నిలబెట్టుకున్నాడు. సవాలు చేసినవానిని మ్యాచ్‌లో గెలిచి ఒక ఛాంపియన్ బిరుదు నిలుపుకోవడం 1934 తరువాత అదే మొదటిసారి. ఈ మ్యాచ్‌లోని 10వ ఆటలో పెట్రోసియన్ రెండు సార్లు ఎక్స్‌ఛేంజ్‌ను త్యాగం చేసి, చివరి ఎత్తులో మంత్రిని హెచ్8 గడిలో బలి ఇచ్చాడు. రాజు ఆ మంత్రిని తీసుకొంటే గుర్రం ఎఫ్7లో దూకి రాజునూ, మంత్రినీ ఒకేసారి పట్టుకుంటుంది. స్పాస్కీ అక్కడే ఆట వదులుకున్నాడు. పెట్రోసియన్ డ్రాల కోసమే ఆడతాడన్న అపవాదుకు ఈ ఒక్క ఆట చాలును. అయితే 1969లో స్పాస్కీ తిరిగి వచ్చి 12.5 - 10.5తో బిరుదును గెలుచుకున్నాడు.

1971లో మళ్ళీ కాండిడేట్స్ మ్యాచ్‌లు ఆడాడు. సెవిల్లెలో రాబర్ట్ హ్యూబ్నర్‌తో ఆడుతున్నప్పుడు హాలులో గోల ఎక్కువగా ఉండేది. పెట్రోసియన్ వినికిడి యంత్రాన్ని ఆపివేసి ప్రశాంతంగా ఆడుకొనేవాడు. ఆ సౌకర్యం లేని హ్యూబ్నర్ ఏడవ ఆట ఓడిపోయాక మ్యాచ్ నుండి తప్పుకొన్నాడు. మరుసటి సంవత్సరం స్కోప్యె ఒలింపియాడ్‌లో అదే హ్యూబ్నర్ చేతిలో పెట్రోసియన్ సమయం మించిపోయి ఓడిపోయాడు. పది ఒలింపియాడ్‌లలో ఆడిన 129 ఆటలలో ఇతడి ఓటమి ఆ ఒక్కటే.

కోర్చ్‌నోయ్‌ను దాటిన తరువాత బ్యూనస్ ఎయిర్స్‌లో ఫిషర్‌తో తలపడ్డాడు. మొదటి ఆట ఫిషర్‌దే. రెండవ ఆటలో గెలిచి ఫిషర్ వరుస విజయాలకు పెట్రోసియన్ అడ్డుకట్ట వేశాడు. తరువాత మూడు డ్రాలు, ఆపై నాలుగు ఓటములు. మ్యాచ్ 6.5 - 2.5తో ఫిషర్ పరమైంది.

కంప్యూటర్లు ఏమంటాయి

పెట్రోసియన్ జీవితకాలంలో చదరంగ యంత్రాలు ఇతడి స్థాయికి దరిదాపులలో లేవు. 1974లో స్టాక్‌హోంలో మొదటి ప్రపంచ కంప్యూటర్ చదరంగ పోటీని గెలిచినది సోవియట్ ప్రోగ్రాం కైస్సా. విచిత్రమేమంటే, పెట్రోసియన్ చేతిలో బిరుదు పోగొట్టుకున్న బొత్విన్నిక్ తన తరువాతి జీవితంలో చాలా భాగం పయొనీర్ అనే చదరంగ ప్రోగ్రాం తయారీకి వెచ్చించాడు. యంత్రం కూడా మాస్టర్ వలె కొద్ది ఎత్తులనే ఎంచుకొని ఆలోచించాలని ఆయన కోరిక. అది ఫలించలేదు. లక్షలాది స్థితులను గుడ్డిగా వెతికే పద్ధతే గెలిచింది. ఆ దారిలోనే డీప్ బ్లూ 1997లో కాస్పరోవ్‌ను 3.5 - 2.5తో ఓడించింది.

అటువంటి యంత్రానికి ఇ6లో పెట్టిన ఏనుగు ఎందుకు రుచించదో తెలుసుకోవడం కష్టం కాదు. అది కొన్ని ఎత్తుల లోతు వరకు చూసి, అక్కడ ఆగి, పావుల విలువలు కూడుతుంది. గడుల బలాబలాలకు మనుషులు ముందే వ్రాసి ఇచ్చిన చిన్న చిన్న మార్కులు కలుపుతుంది. త్యాగం చేసిన నష్టం వెంటనే లెక్కలోకి వస్తుంది, గుర్రం డి5లో కూర్చున్న లాభం ఇరవై ఎత్తుల తరువాత గాని రాదు. ఏనుగుకు 5, శకటుకు 3 అన్న అంకెలే స్థూలమైనవి. లారీ కాఫ్‌మన్ వేలాది ఆటలను పరిశీలించి 1999లో వెలువరించిన వ్యాసం ప్రకారం ఎక్స్‌ఛేంజ్ విలువ సగటున ఒకటి ముప్పావు బంటు మాత్రమే. ఏనుగును ఇచ్చినవానికి రెండు శకటులూ మిగిలి ఉంటే అది ఒక బంటుకు కొంచెం పైన ఉంటుంది. అప్పుడు మరొక బంటు చేజిక్కితే లెక్క దాదాపు సరిపోయినట్లే.

2017 డిసెంబరులో ఆల్ఫాజీరో రాకతో పరిస్థితి మారింది. దీనికి ఆట నియమాలు తప్ప పావుల విలువలు ఎవరూ చెప్పలేదు. తనతో తాను ఆడుకొని నేర్చుకొన్నది. స్టాక్‌ఫిష్‌తో ఆడిన వంద ఆటలలో 28 గెలిచి, తక్కినవి డ్రా చేసింది. ప్రత్యర్థి పావులను బంధించడానికి బంట్లనూ పావులనూ ధారాళంగా వదులుకోవడం ఆ ఆటలలో అందరినీ ఆకర్షించింది. 2018లో మొదలైన లీలా అదే మార్గం పట్టింది. 2020 సెప్టెంబరులో స్టాక్‌ఫిష్ కూడా స్థితిని అంచనా వేయడానికి న్యూరల్ నెట్‌వర్క్‌ను చేర్చుకున్నది. అందువలన, యంత్రాలు ఇటువంటి త్యాగాలను ఊహించలేవన్న పాత మాట ఇప్పుడు చెల్లదు. ఏనుగు విలువ అది నిలిచిన చోటును బట్టి ఉంటుందని అవి కూడా నేర్చుకున్నాయి.

అయినా రెండు తేడాలు మిగిలే ఉన్నాయి. పూర్తిగా మూసుకుపోయిన కోటల వంటి స్థితులలో, గెలిచే దారి లేకపోయినా, యంత్రం పావులు ఎక్కువ ఉన్నవారికి పెద్ద మార్కు చూపుతూ ఉండటం కద్దు. రెండవది ఇంతకంటే ముఖ్యమైనది. యంత్రం ఇచ్చే అంకె ఇరువైపులా ఉత్తమమైన ఎత్తులు వేస్తే ఏమవుతుందో చెబుతుంది. ఒక స్థితిలో మూడు ఎత్తులకూ సమానమైన అంకె వస్తే, వాటిలో ఏది ఎదుట కూర్చున్న మనిషిని తికమకపెడుతుందో దానికి పట్టదు. గెలుస్తున్నానని నమ్మిన రెషెవ్‌స్కీ ఆ నమ్మకాన్ని వదులుకొని కొత్త ఉపాయం వెతకవలసి రావడం ఏ అంకెలోనూ కనిపించదు. పెట్రోసియన్ లెక్కలో అది కూడా ఉండేదనుకోవాలి.

చివరి సంవత్సరాలు

ఆట ఆడుతూనే 1968లో యెరెవాన్ విశ్వవిద్యాలయం నుండి తత్వశాస్త్రంలో పట్టా పొందాడు. చదరంగంలోని తర్కం అతడి సిద్ధాంత వ్యాసానికి విషయం. అదే సంవత్సరం "64" అనే వారపత్రికను స్థాపించి 1977 వరకు సంపాదకుడిగా పనిచేశాడు. ప్రారంభ ఎత్తులలో క్వీన్స్ ఇండియన్, కింగ్స్ ఇండియన్ రక్షణలకు ఇతడి పేర విధానాలున్నాయి. యాభై దాటిన వయసులో, 1981లో, యువకుడైన గారీ కాస్పరోవ్‌ను మాస్కోలోనూ టిల్‌బర్గ్‌లోనూ రెండు సార్లు ఓడించాడు. తరువాతి రెండేళ్ళలో కాస్పరోవ్ ఆ రెండింటికీ బదులు తీర్చుకున్నాడు.

1984 ఆగష్టు 13న మాస్కోలో ఉదర క్యాన్సర్‌తో మరణించాడు. అక్కడి ఆర్మేనియన్ శ్మశానంలో ఖననం చేశారు. 1987లో సమాధిపై స్మారక చిహ్నాన్ని కాస్పరోవ్ ఆవిష్కరించాడు. యెరెవాన్‌లోని చదరంగ భవనానికి పెట్రోసియన్ పేరు పెట్టారు. ఆ భవనానికి శంకుస్థాపన చేసినది కూడా ఇతడే. 2011 నుండి ఆర్మేనియా పాఠశాలల్లో చదరంగం తప్పనిసరి పాఠ్యాంశమయింది. 2018లో విడుదలైన 2000 ద్రామ్‌ల నోటుపై పెట్రోసియన్ చిత్రాన్ని ముద్రించారు.