అతిథి మనసెరిగిన అబూ అయ్యూబ్ అన్సారీ (రజి)

ఇంటికి నలుగురిని భోజనానికి పిలవాలనుకోగానే మనం ముందుగా వేసుకునేది వంటకాల లెక్క. బిర్యానీ ఎన్ని దేగ్‌లు, మీఠాలు ఎన్ని రకాలు, బంధువుల ఇంటి దావత్ కంటే మనది ఏ విధంగా ఘనంగా కనిపించాలి అనే ఆలోచనతోనే రోజులు గడిచిపోతాయి. అవసరమైతే అప్పు కూడా చేస్తాం. వచ్చేవారికి ఏది నచ్చుతుంది, వారు ఎక్కడ కూర్చుంటే సుఖంగా ఉంటారు అన్న విషయం మాత్రం ఆఖరున గుర్తొస్తుంది. ఆతిథ్యమంటే ఏమిటో హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) జీవితం మనకు నేర్పుతుంది.

ఆయన అసలు పేరు ఖాలిద్ బిన్ జైద్. మదీనాలోని ఖజ్రజ్ తెగలో బనూ నజ్జార్ వంశస్థులు. అఖబా వద్ద మహాప్రవక్త (స)కు బైఅత్ చేసిన మదీనావాసుల్లో ఆయన ఒకరు. క్రీ.శ. 622లో మహాప్రవక్త (స) హిజ్రత్ చేసి మదీనా చేరినప్పుడు ప్రతి ఒక్కరూ తమ ఇంటికే రమ్మని వేడుకున్నారు. ఎవరి మనసూ నొప్పించకుండా ప్రవక్త (స) నిర్ణయాన్ని తమ ఒంటెకు వదిలేశారు. అది ఇద్దరు అనాథ బాలుర స్థలంలో కూర్చుంది. అక్కడికి దగ్గరి ఇల్లు అబూ అయ్యూబ్ (రజి)ది. ఆయన ఆలస్యం చేయకుండా సామాను ఎత్తి తన ఇంట్లో పెట్టుకున్నారు.

అది రెండంతస్తుల ఇల్లు. తమను చూడవచ్చేవారికి వీలుగా ఉంటుందని ప్రవక్త (స) కింది భాగాన్నే ఎంచుకున్నారు. తాము పైన, ఆయన కింద ఉండటం ఆ దంపతులకు మనసొప్పలేదు. ఒకరోజు పైన నీళ్లకుండ పగిలింది. ఒక్క చుక్క కూడా కిందికి కారకూడదని ఇంట్లో ఉన్న ఒకే ఒక దుప్పటితో భార్యాభర్తలిద్దరూ ఆ నీటిని అద్దేశారు. ఆ తర్వాత ప్రాధేయపడి ప్రవక్త (స)ను పై అంతస్తుకు మార్చుకున్నారు.

మస్జిదె నబవీ, దాని పక్కన గదులు సిద్ధమయ్యేవరకు సుమారు ఏడు నెలలు ప్రవక్త (స) ఆ ఇంట్లోనే ఉన్నారు. భోజనం పంపాక పళ్లెం తిరిగొచ్చేవరకు ఆ దంపతులు ఎదురుచూసేవారు. ప్రవక్త (స) వేళ్ల జాడ ఉన్నచోటి నుండే తాము తినేవారు. ఒక పూట పళ్లెం ముట్టకుండానే తిరిగొచ్చింది. అబూ అయ్యూబ్ (రజి) కంగారుపడి వెళ్లి కారణం అడిగారు. అందులో వెల్లుల్లి ఉంది. అది నిషిద్ధం కాదనీ, దాని వాసన కారణంగానే తాము తినలేదనీ ప్రవక్త (స) తెలిపారు. ప్రవక్త (స)కు ఇష్టం లేనిది తమకూ వద్దనుకున్నారు అబూ అయ్యూబ్ (రజి).

మరో ఉల్లేఖనం ప్రకారం, ఒక మధ్యాహ్నం ప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ఆకలితో ఆయన ఇంటికి వచ్చారు. అబూ అయ్యూబ్ (రజి) తోట నుండి పరుగున వచ్చి ఖర్జూరపు గెల కోసి ముందుంచారు. పండినవి, దోరవి, ఎండినవి అన్నీ అందులో ఉన్నాయి. ఎవరికి ఏది ఇష్టమో వారే ఏరుకుంటారన్నది ఆయన ఉద్దేశం. ఆపై మేకను కోసి, సగం మాంసం కాల్చి, సగం వండి రొట్టెలతో పెట్టారు. ప్రవక్త (స) ముందుగా ఒక రొట్టెలో కొంత మాంసం పెట్టి, కొన్ని రోజులుగా అలాంటి భోజనం ఎరుగని తమ కుమార్తె ఫాతిమా (రజి)కు పంపించారు.

ఇంత ప్రేమగా వడ్డించిన ఆయనే ఒక విందు నుండి తినకుండా వెళ్లిపోయారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఆయన్ను ఇంటికి పిలిచారు. వెళ్లి చూస్తే గోడలకు తెరలు కట్టి ఉన్నాయి. ఆడవాళ్ల మాట కాదనలేకపోయామని ఇంటాయన చెప్పుకున్నారు. ఆయన వంటి వారి ఇంట ఇలాంటిది చూస్తామని అనుకోలేదని చెప్పి అబూ అయ్యూబ్ (రజి) వెనుదిరిగారు. గోడలకు బట్టలు కట్టినంత మాత్రాన అతిథి గౌరవం పెరగదు కదా!

చేసిన మేలు వృథా కాలేదు. తర్వాతి కాలంలో హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) బస్రా గవర్నర్‌గా ఉన్నప్పుడు అబూ అయ్యూబ్ (రజి) అక్కడికి వెళ్లారు. ప్రవక్త (స)కు ఆయన ఇల్లు ఇచ్చినట్లే, ఇబ్నె అబ్బాస్ (రజి) తన ఇల్లు ఖాళీ చేసి ఆయనకు అప్పగించారు.

క్రీ.శ. 670 ప్రాంతంలో, వృద్ధాప్యంలో, కాన్‌స్టాంటినోపుల్ దండయాత్రలో ఆయన జబ్బుపడి మరణించారు. ఆయన కోరిక మేరకు ఆ నగరపు గోడల దగ్గరే ఖననం చేశారు. 1453లో తుర్కులు నగరాన్ని జయించాక, 1458లో అక్కడ ఆయన పేరిట మస్జిద్ వెలిసింది. ఇస్తాంబుల్‌లోని ఆ ప్రాంతాన్ని నేటికీ ఆయన పేరుతో అయ్యూబ్ అనే పిలుస్తారు.

ఈసారి మనం దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు వంటకాలను లెక్కపెట్టడం మాని, తిరిగొచ్చిన పళ్లేలను చూద్దాం. ఎవరు తినలేదో, ఎందుకు తినలేదో తెలుసుకుందాం. రాలేకపోయిన వారికి ఒక రొట్టె పంపుదాం. అప్పుడు దావత్‌కు అప్పు చేయవలసిన అవసరమే ఉండదు.