ఇబ్నె జుహ్ర్ మేక

మన కర్నూలు, కడప పల్లెల్లో మేక విలువ తెలియని ఇల్లు ఉండదు. పాలు, మాంసం, ఖుర్బానీ అందరికీ తెలిసినవే. వైద్యవిద్యకు ఒక మేక చేసిన మేలు మాత్రం చాలామంది ఎరుగరు. దాని వెనుక ఉన్న మహనీయుడు అబూ మర్వాన్ అబ్దుల్ మలిక్ ఇబ్నె జుహ్ర్. అల్లాహ్ ఆయనను కరుణించుగాక.

ఆయన 11వ శతాబ్దం చివర ఇష్బీలియాలో, అంటే నేటి స్పెయిన్ దేశపు సెవిల్ నగరంలో జన్మించారు. వారిది తరతరాల హకీముల కుటుంబం. తండ్రి అబుల్ అలా కూడా పేరున్న వైద్యులే.

గొంతు పూడి ఊపిరాడని రోగికి శ్వాసనాళం కోసి గాలికి దారి చేయవచ్చని పాత గ్రంథాల్లో ఉండేది. కోసిన నాళం మళ్ళీ అతుకుతుందా? చేసి చూసినవారు ఆయనకు కనబడలేదు. పొరపాటు జరిగితే పోయేది మనిషి ప్రాణం. అందుకని, ఇంకా విద్య నేర్చుకుంటున్న రోజుల్లోనే, ఒక మేక గొంతు కోసి, శ్వాసనాళంలోని మెత్తటి ఎముకలో చిన్న గింజంత ముక్క తీశారు. తేనె నీళ్ళతో గాయం కడుగుతూ వచ్చారు. గాయం మానింది. మేక చాలాకాలం బతికింది. కోయడం కన్నా, మానేదాకా ఆ జీవానికి సేవ చేయడమే నాకు గొప్పగా తోస్తుంది.

నేటి డాక్టర్లదీ అదే దారి. కాలిన గాయాన్నో, ప్రమాదంలో ఎముక తేలిన కాలినో కప్పడానికి రక్తనాళాలతో సహా చర్మాన్ని లేపి అతుకుతారు. దీన్ని ఫ్లాప్ అంటారు. ధమని రక్తాన్ని తెస్తుంది, సిర తీసుకుపోవాలి. సిర మూసుకుపోతే అలుగు లేని చెరువు గతే. చర్మం ఉబ్బి, నల్లబడి చచ్చిపోతుంది. నిలిచిన రక్తాన్ని తీయడానికి మన హకీములు వాడిన జలగలనే ఇప్పుడూ పెడుతున్నారు. అమెరికా ప్రభుత్వం 2004లో వాటికి అనుమతి ఇచ్చింది. ఇంకా మంచి ఉపాయాల కోసం ఎలుకకు మత్తు ఇచ్చి, పొట్ట మీది చర్మం లేపి, సిరను బిగించి, రక్తం బయటికి పోయే మార్గాలను ముందు దాని మీదే పరీక్షిస్తారు.

ఇబ్నె జుహ్ర్ జీవితం సుఖంగా సాగలేదు. పాలకుడు అలీ బిన్ యూసుఫ్ ఆగ్రహించి మర్రాకష్‌లో ఖైదు చేయించాడు. రాజ్యం మారాక అబ్దుల్ మూమిన్ ఆస్థానంలో గౌరవం దక్కింది. ఇబ్నె రుష్ద్ కోరికపై రాసిన అత్తైసీర్‌లోనే ఈ మేక సంగతి ఉంది. దాని లాటిన్ అనువాదం 1490లో వెనిస్‌లో అచ్చయింది. హిజ్రీ 557లో, అంటే 1162లో ఆయన కన్నుమూశారు. కొడుకే కాదు, కూతురు, మనవరాలు కూడా వైద్యం నేర్చి ఖలీఫా ఇంటి స్త్రీలకు చికిత్స చేశారు.