కట్టలు ఎందుకు తెగాయని అడిగిన ఇంజనీర్



సెప్టెంబర్ 15 ఇంజనీర్స్ డే అని మీ పిల్లలు చెప్పేస్తారు. ఆ రోజు పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు మన హైదరాబాద్‌కు ఏం చేశారో అడిగి చూడండి.

ఆయన 1861లో మైసూరు రాజ్యంలోని ముద్దెనహళ్లిలో పుట్టారు. పూర్వీకులది మన ప్రకాశం జిల్లా వైపు మోక్షగుండం. చిన్నప్పుడే తండ్రి పోయారు. ట్యూషన్లు చెప్పుకుంటూ బెంగళూరులో చదివి, పుణెలో ఇంజనీరింగ్ పూర్తి చేశారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909లో వచ్చిన ఆయన, తప్పంతా వానదే అని ఊరుకోలేదు. నగరానికి ఎగువన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని లెక్క తేల్చారు.

చెరువు ఎందుకు తెగుతుంది? మట్టికట్ట నీళ్లను ఆపగలదు కానీ, తన మీదుగా పారే నీళ్లకు తట్టుకోలేదు. అలుగు చాలక నీరు కట్ట దాటితే, వెనక వైపు మట్టి కోసుకుపోతుంది. చిన్న కోతే చూస్తుండగా గండి అవుతుంది. ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగుతుంది.

అందుకే వరదను పట్టి ఉంచి, మెల్లగా వదిలే రెండు రిజర్వాయర్లు కట్టాలని ఆయన సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1955లో భారతరత్న అందుకున్న ఆయన 1962లో కన్నుమూశారు.

ఈసారి గండిపేట వెళ్లినప్పుడు, చెరువు నిండితే నీళ్లు ఎటు పోవాలని మీ పిల్లల్ని అడగండి. రేపు ఎక్కడైనా అలుగు పూడ్చి ఇళ్లు కడుతుంటే, ఆ ప్రశ్న వాళ్లే అడుగుతారు.