వెండి గంగాళాల మహారాజు

జైపూర్ నగర ప్రాసాదంలోని దివాన్-ఎ-ఖాస్ మండపంలో రెండు వెండి గంగాళాలు ఉన్నాయి. ఒక్కొక్కదాని ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. బరువు 345 కిలోలు. అందులో పట్టే నీరు సుమారు 4 వేల లీటర్లు. ప్రపంచంలోకెల్లా పెద్ద వెండి వస్తువులుగా గిన్నిస్ గ్రంథంలో నమోదైన ఈ పాత్రలను చేయించినవాడు రెండవ సవాయి మాధోసింగ్. 1880 నుంచి 1922 వరకు జైపూర్ సంస్థానాన్ని ఏలిన ఈ మహారాజును ఆడంబరప్రియుడిగా చెప్పుకోవడం పరిపాటి. ఆ కాలపు వెండి ధరల చరిత్రతో కలిపి చూసినప్పుడు మాత్రం ఆ అభిప్రాయాన్ని కొంత సవరించుకోవలసి వస్తుంది.

ఆయన పుట్టుకతో యువరాజు కాడు. 1861లో ఇసర్దా ఠాకూర్ల ఇంట జన్మించాడు. అసలు పేరు కాయంసింగ్. సంతానం లేని మహారాజు రెండవ రామ్‌సింగ్ తన అంత్యకాలంలో ఆయనను వారసుడిగా ఎంచుకోవడంతో 1880లో మాధోసింగ్ అనే పేరుతో గద్దె నెక్కాడు. రెండేళ్ల తరువాత పూర్తి అధికారాలు చేతికి వచ్చాయి. కళాపాఠశాల స్థాపించి జైపూర్ పనితనానికి పేరు తెచ్చిన రామ్‌సింగ్ వారసత్వం ఆయనకు సిద్ధంగా దొరికింది. 1876లో శంకుస్థాపన జరిగిన ఆల్బర్ట్ హాలు మ్యూజియం 1887లో ఆయన హయాంలోనే ప్రారంభమైంది.

మాధోసింగ్ యౌవనంలో ప్రవేశించే నాటికే వెండికి చెడ్డరోజులు మొదలయ్యాయి. జర్మనీ వెండిని విడిచి బంగారు నాణెం వైపు మళ్లింది. అమెరికాలోని నెవడా గనుల నుంచి వెండి వెల్లువెత్తింది. 1871 ప్రాంతంలో లండన్ విపణిలో ఔన్సు వెండి సుమారు 60 పెన్నీలు పలికింది. 1894 నాటికి ఆ ధర 29 పెన్నీలకు దిగజారింది. రెండు షిల్లింగుల విలువ చేసిన రూపాయి 1892 నాటికి పదిహేను పెన్నీల దరిదాపులకు పడిపోయింది. బ్రిటన్‌కు ఏటా బంగారు లెక్కన చెల్లింపులు జరపవలసిన భారత ప్రభుత్వానికి ఇది మోయలేని భారమైంది.

అంతవరకు ఎవరైనా వెండి కడ్డీ తీసుకువెళ్లి బొంబాయి, కలకత్తా టంకశాలలలో స్వల్ప రుసుముకు రూపాయలుగా మార్చుకునే వీలుండేది. 1893 జూన్ 26న ప్రభుత్వం ఆ తలుపు మూసివేసింది. రూపాయి నిలదొక్కుకుంది, వెండి మాత్రం మరింత పడిపోయింది. ఆనాటి రైతుకు పొదుపు ఖాతా అంటే ఇల్లాలి కాళ్ల కడియాలే. ఆ కడియాల వెండికీ, చేతిలోని రూపాయికీ ఉన్న సంబంధం ఒక్క చట్టంతో తెగిపోయింది. ఈ నష్టం ఎంతటిదో ఆరేళ్ల తరువాత కరవులో తెలిసివచ్చింది.

మాధోసింగ్ గంగాళాల పని మొదలుపెట్టించింది సరిగ్గా ఈ పతనకాలంలోనే, 1894లో. గోవిందరామ్, మాధవ్ అనే స్థానిక వెండి పనివారు రెండేళ్లు శ్రమించి, ఎక్కడా అతుకు లేకుండా వెండి రేకును సాగగొట్టి 1896లో పూర్తి చేశారు. సంస్థానపు ఝాడ్‌షాహీ వెండి నాణేలు 14 వేలు కరిగించి వీటిని చేశారని చెబుతారు. ఈ లెక్క పొసగదు. నాణెం తులం బరువు అనుకున్నా 14 వేల నాణేలకు 163 కిలోలే వస్తాయి. ఒక్క గంగాళానికే దాదాపు 30 వేల నాణేలు కావాలి. లండన్ పట్టాభిషేక యాత్ర కోసమే వీటిని చేయించాడనే మాట కూడా తేదీల ముందు నిలవదు. ఏడవ ఎడ్వర్డ్ రాజైనది 1901లో. అప్పటికి గంగాళాలు తయారై అయిదేళ్లు గడిచాయి. నాణెంగా, కడ్డీగా రోజురోజుకూ చౌకబడుతున్న లోహం ఇక్కడ కళాఖండంగా మారింది.

1899లో వానలు మొహం చాటేశాయి. విక్రమశకం 1956లో వచ్చినందున రాజస్థాన్ ప్రజలు నేటికీ ఛప్పనియా అని పిలుచుకునే ఆ కరవు పల్లెలను ఊడ్చివేసింది. పశువులు పోయాయి, ధాన్యం కోసం కడియాలు అమ్మబోతే అవి ఒకప్పటి రూపాయల విలువ చేయలేదు. 1900లో మాధోసింగ్ 15 లక్షల రూపాయల విరాళంతో భారత ప్రజల కరవు సహాయ నిధికి పునాది వేశాడు. ఆ నిధి రూపంలోనే ఆయన తెలివిడి ఉంది. సొమ్మును ఒక్కసారిగా పంచిపెట్టలేదు. ప్రభుత్వ రుణపత్రాలలో ఉంచి, వడ్డీని కరవు సహాయానికి వినియోగించే ఏర్పాటు జరిగింది. వెండి కొట్లలో దాచిపెట్టి ఉంటే ఆ మొత్తం ఏటేటా కరిగిపోయి ఉండేది.

1902లో పట్టాభిషేకానికి ఆహ్వానం వచ్చింది. సముద్రయానం చేస్తే ఆచారభ్రష్టత్వం, వెళ్లకుంటే చక్రవర్తికి అవమానం. మహారాజు ఒలింపియా అనే కొత్త ఓడను మొత్తంగా అద్దెకు తీసుకున్నాడు. అందులో దేవాలయం, వంటశాలలు ఏర్పాటు చేయించాడు. తాగేందుకు గంగాళాల నిండా గంగాజలం ఎక్కించాడు. గంగాళాలు మూడు ఉండేవనీ, దారిలో తుఫాను రేగితే ఒకదానిని సముద్రుడికి సమర్పించారనీ ఒక కథ ప్రచారంలో ఉంది. జూన్ 26న జరగవలసిన ఉత్సవం రాజు అనారోగ్యం వల్ల ఆగస్టు 9కి వాయిదా పడింది. మహారాజు బస కూడా ఆ మేరకు పొడిగింది.

ఆ యేడు లండన్‌లో వెండి ఔన్సు 24 పెన్నీలే. శుద్ధ వెండిగా లెక్కకట్టినా రెండు గంగాళాల లోహం విలువ 2,200 పౌండ్లు, అంటే ఆనాటి 33 వేల రూపాయలు. యూరప్ పత్రికలకు వింతగా తోచిన ఆ వైభవం కరవు నిధి ముందు నలభై అయిదో వంతు కూడా కాదు.

ఔరసుడైన వారసుడు లేనందున 1921లో ఇసర్దా నుంచే ఒక బాలుడిని దత్తత తీసుకున్నాడు. గాయత్రీదేవి భర్తగా తెలుగు పాఠకులకు తెలిసిన రెండవ మాన్‌సింగ్ అతడే. 1922 సెప్టెంబరు 7న మాధోసింగ్ మరణించే నాటికి అతడికి పదేళ్లు. 1959లో ప్రాసాదం మ్యూజియం అయింది. 1975లో రాజకుటుంబం దాచిన బంగారం కోసం దాడులు జరిగాయి. మరుసటి ఏడాది జైగఢ్ కోటలో నిధి కోసం నెలల తరబడి తవ్వారు. గంగాళాలు మాత్రం మండపంలో అందరి కళ్లెదుటే ఉన్నాయి.

2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటింది. ఆ లెక్కన ఒక్కో గంగాళంలోని లోహమే సుమారు మూడున్నర కోట్లు. దానిపై పనితనానికి, పేరుకు వెల కట్టే అవకాశం లేదు. అవి అమ్మకానికి రాలేదు. నూరేళ్లు దాటిన ఇటువంటి వస్తువులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు తరలించడాన్ని 1972 నాటి పురావస్తువుల చట్టం నిషేధిస్తోంది.