గిడుగు వారి ధ్వని సాధన

గిడుగు వేంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం ప్రాంతంలోని పర్వతాలపేటలో జన్మించారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్నప్పుడు సవరల భాష ఆయనను ఆకర్షించింది. ఆ భాషకు అప్పటికి లిపి లేదు. నేర్చుకొనడానికి చెవి ఒక్కటే ఆధారం.

అచ్చులను పలికేటప్పుడు నోటిలో ఊపిరికి అడ్డు ఉండదు. నాలుక స్థానం, పెదవుల తీరు మారితే అచ్చు మారుతుంది. ఇంగ్లీషులో అచ్చులకు అక్షరాలు ఐదే. ప్రామాణిక బ్రిటిష్ ఉచ్చారణలో అచ్చుల ధ్వనులు మాత్రం దాదాపు ఇరవై. కృష్ణా తీరవాసులు ‘వచ్చాడు’ అన్నప్పుడు ‘చా’లో వినిపించే అచ్చు ‘బ్యాంకు’లోనిది; ‘తాడు’లోనిది కాదు. లిపి ఈ భేదాన్ని చూపదు. లిపికి అందని ఇటువంటి సూక్ష్మాలను గుర్తించడానికి రామమూర్తి పంతులు స్వయంకృషితో ధ్వనిశాస్త్రాన్ని అభ్యసించారు.

సవరల కోసం మన్యంలో తిరిగిన ఆయనకు మలేరియా సోకింది. అందుకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతిన్నది. ధ్వనులను చెవితో పట్టవలసిన పరిశోధకునికి ఆ చెవే సహకరించని స్థితి ఏర్పడింది. అయినప్పటికీ ఆయన కృషి ఆగలేదు. సొంత సొమ్ముతో బడులు పెట్టి, సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించారు. ఆయన రచించిన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం ప్రచురించింది.

నోటిమాటను గౌరవించే ఈ దృష్టే ఆయనను వ్యావహారిక భాషోద్యమానికి సారథిని చేసింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. నేడు విద్యార్థులు వాడుక తెలుగులో పాఠం చదువుకోగలగడం వెనుక ఆయన పోరాటం ఉంది.